కొలిమి మీద మొదటి దెబ్బ

ఈ సంగతి ఇన్నేళ్లు మోసి మోసి అలిసిపోయాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

గాసు కంపెనీలో నా పని ఆటోనగర్ షెడ్లకి కనెక్షన్లు ఇప్పించడం. అప్పన్నకి అక్కడ కమ్మరి షెడ్డు ఉండేది. మరబోట్లకి కొక్కేలు, గొలుసులు కొట్టేవాడు. చుట్టరికం లేదు గానీ చిన్నప్పట్నుంచి ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం. బొగ్గు మానేసి గాసుకి మారమని ఏడాదిపాటు వాడి ప్రాణం తీసింది నేనే.

వాళ్ల నాన్న కట్టిన బొగ్గు కొలిమి పీకితే గానీ గాసు పొయ్యికి చోటు లేదు. పీకే రోజు కొబ్బరికాయ కొట్టి, సుత్తి తెచ్చి నా చేతికిచ్చాడు. వాళ్ల షెడ్డులో ఏ పనైనా హస్తవాసి ఉన్నవాడి చేతే మొదలెట్టిస్తారు. నాకుందట, హస్తవాసి!

ఆ పొద్దున్నే మా సారు నన్ను లోపలికి పిలిచి చెప్పాడు. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుని, సరిహద్దులు దాటి పోయే పెద్ద గాసు పైపుని మూసేశారు. దాని మీద బతికే దేశాలన్నీ ఓడల్లో వచ్చే గాసు మీద పడ్డాయి. మనకి గాసు అమ్మినవాడు మనకి రావాల్సిన ఓడని అటు తిప్పేశాడు. మన హార్బర్లో బయానా తీసుకున్న చేపల తట్టని ఎక్కువిచ్చినోడికి ఎత్తేసినట్టే. జరిమానా కట్టి తప్పుకోవచ్చని ఒప్పందంలో ఉందట. వచ్చే లాభంలో ఆ జరిమానా వాడికి చిల్లర. సంతకం పెట్టినవాడే ఇలా చేస్తే ఇంకెవర్ని నమ్మాలి? నాకు ఒళ్లు మండిపోయింది. ఇది బయట అనొద్దు, నెలాఖరు కనెక్షన్లు కానివ్వు అన్నాడు సారు. ఆ నెల ఇంకొక్కటి పడితే నాకు ప్రమోషన్.

సుత్తి ఎత్తబోతుంటే అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, గాసు రాపోతే ఏటి సేత్తాను? ఓ ఏడాది దీన్ని ఉంచీమంటావా?"

సూటిగా అడిగాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా?

"పైపు నీ గుమ్మంలోకొచ్చీసింది. గాసు రాక ఎక్కడికి పోద్ది బావా," అన్నాను. కొట్టాను.

రెండు నెలల్లో గాసు వారానికి మూడు రోజులైంది. వచ్చే ఆ మూడు రోజులకీ రేటు మోయలేకపోయాడు. కొలిమి మళ్లీ కట్టుకునే స్తోమత లేదు. షెడ్డు అమ్మేశాడు. ఇప్పుడు పక్క వీధిలో వేరేవాళ్ల దగ్గర షిఫ్టు పనికి పోతున్నాడు.

ఓడ తిప్పేసినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ వాడికి అప్పన్నెవరో తెలీదు. నాకు తెలుసు. మోసపోయానని పొద్దున్న అంత మండిపడ్డవాణ్ని, పూట తిరక్కుండా అదే మోసం నా అన్నవాడికి ఎలా చేశాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ప్రమోషన్ అన్న జవాబే వస్తుంది. సిగ్గేస్తుంది.

మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకి వచ్చాడు. ఎవరో గాసు కంపెనీని తిడుతుంటే అప్పన్న అడ్డుపడి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఎక్కడో యుద్ధమొస్తే మా బావేటి సేత్తాడు? ముందే తెలిస్తే నాకు సెప్పకుండా ఉంటాడా?"

నేను తల దించుకుని పులిహోర తిన్నాను. వాడికి చెప్పలేని మాట మీ దగ్గర అనేస్తున్నాను.

ముందే తెలుసు బావా. సుత్తి ఎత్తకముందే తెలుసు.