సుమ్మా పెట్టిన స్టవ్వు

మా చిన్నప్పుడు... పురసవాక్కంలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో, బావి వెనకాల ఒక పంపుస్టవ్వు పడి ఉండేది. ఇంటమ్మగారు పారేసింది. ట్యాంకుకి చిల్లు, బర్నరు పూడిపోయింది, పంపులో వాషరు లేదు. వానకి తడిసి, కాకులు రెట్టలేసి... అది ఇత్తడని ఎవరైనా చెప్తే తప్ప తెలిసేది కాదు.

మా అమ్మకి ఉబ్బసం. పచ్చి కట్టెల పొగకి వంట మధ్యలో మాటిమాటికీ బయటికొచ్చి, గోడ పట్టుకుని నిలబడేది. ఆయాసం తగ్గాక మళ్ళీ లోపలికెళ్ళి ఊదుగొట్టం అందుకునేది. నాన్నది వ్యాసర్పాడి రైలు యార్డులో కూలిపని. స్టవ్వు కొనడం మావల్ల అయ్యే పని కాదు.

అవ్వకి, అంటే నాన్న వాళ్ళమ్మకి, ఒక రేకుడబ్బా ఉండేది. పాడైన కొళాయిల మరలు, లాంతరు వత్తి తిప్పే చెవులు, విరిగిన తలుపుల బందులు... ఎవరింట్లో ఏది పారేస్తున్నా అడిగి తెచ్చుకుని, విప్పి, పనికొచ్చేదాన్ని అందులో దాచేది.

ఆ స్టవ్వునీ అడిగే తీసుకుంది. "తీసకపో పెద్దమ్మా, పీడా పోద్ది" అంది ఇంటమ్మగారు. నేను పక్కనే ఉన్నా... నా ఈ చెవులతో విన్నా!

అవ్వ దాన్ని చింతపండేసి తోమింది. మాట్లు వేసేవాడు వీధిలోకొస్తే చిల్లుకి మాటు వేయించింది. నాన్న తెగిపోయిన చెప్పులోంచి తోలు కత్తిరించి, ఆముదంలో నానబెట్టి, వాషరు చేసింది. బర్నరు మాత్రం పాత ఇనప సామాన్ల కొట్టులో మరో చచ్చిన స్టవ్వుకున్నది బతిమాలి విప్పించుకొచ్చింది.

పంపు కొట్టి వెలిగిస్తే... బుస్సుమని నీలంగా మండింది! ఆ పూట అమ్మ దగ్గకుండా వంట చేసింది. పులుసు కలుపుతూ కూనిరాగం కూడా తీసింది.

ఆ చప్పుడుకే ఇంటమ్మగారు వచ్చింది.

"అదేంది, మా స్టవ్వు బాగానే ఉండాదే! ఇచ్చెయ్ పెద్దమ్మా, మా చెల్లెలికి కావాల."

"నువ్వేగదమ్మా తీసకపొమ్మంటివి? పారేసిందేగదా!"

"పారేస్తిమని ఎవురు చెప్పింది? సుమ్మా ఆడ పెట్టినాం, అంతే."

సుమ్మా అంటే అరవంలో ఊరికే అని. వానలో, కాకిరెట్టల కింద, ఊరికే పెట్టారట! ఇన్నేళ్ళయినా ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది...

నాన్న తల దించుకున్నాడు. "ఇచ్చెయ్యమ్మా... ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఏడికి పోతాం?" అమ్మ ఊదుగొట్టం ఎక్కడుందోనని మూలకి చూసింది.

అవ్వ స్టవ్వు ఆర్పి, చల్లారనిచ్చి, పక్క వాటాల వాళ్ళంతా చూస్తుండగా గుమ్మంలో కూర్చుంది. "పారేస్తే చెత్త, మండితే సొత్తా?" అంటూ బర్నరు విప్పి డబ్బాలో వేసుకుంది. పంపు లాగి తోలు వాషరు తీసుకుంది. ఒట్టి ట్యాంకు ఇంటమ్మగారి చేతికిచ్చింది.

"ఇదో, మీ సొమ్ము మీకు. చిల్లుకేసిన మాటు మాత్రం ఊడి రాదు తల్లీ... అది ధర్మమనుకో."

అందరూ ఫక్కున నవ్వారు. ఇంటమ్మగారి మొహం కందగడ్డ అయింది. ఆ ట్యాంకుని బావి వెనక్కి విసిరికొట్టి, విసవిసా నడిచింది.

అవ్వ వెనకనుంచి పిలిచింది. "అమ్మా, ఒక్క మాట! ఇప్పుడు పారేసినట్టా... సుమ్మా పెట్టినట్టా?"

ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. అవ్వ తీరిగ్గా వెళ్ళి ట్యాంకు తెచ్చుకుంది. రాత్రి అన్నం ఆ స్టవ్వు మీదే ఉడికింది.

మొన్న నా మిక్సీ ఆగిపోతే, బాగుచేయడానికొచ్చిన అబ్బాయి మూత కూడా తీయకుండా "పార్టు దొరకదాంటీ, పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు. విప్పి చూడు నాయనా అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు! బాగుచేయడం చేతకాదని ఒప్పుకోవడం మానేసి, వస్తువుదే తప్పంటారేం?

మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉండేదా? అందులో ఏమేం ఉండేవో చెప్పండి, వింటాను...

నేనైతే ఆ మిక్సీని పారేయలేదు. విప్పడానికి మా అవ్వ లేదని తెలిసినా... అటక మీద, సుమ్మా పెట్టాను.