చెవికింది గడ్డ

ఎమ్మే చదివేటప్పుడు హాస్టల్లో సీటు దొరక్క తార్నాకలో ఒక పెంకుటింటి వెనక గదిలో ఉండేదాన్ని. గదిలో నాతోపాటు ఒక టీచరమ్మ ఉండేది. కృష్ణా జిల్లా క్రైస్తవుల అమ్మాయి. మెట్టుగూడ బళ్ళో లెక్కలు చెప్పేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని.

నాకు ఎడమ చెవి కింద గడ్డ ఉండేది. మొదట్లో రేగ్గింజంత, ఎమ్మేలో చేరేసరికి నిమ్మకాయంత. జుట్టు ఆ వైపుకి వదులుగా లాగి జడ వేసుకునేదాన్ని. పెళ్ళి కాదని భయపడి అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. ఒక ఆదివారం అక్క నా తల దువ్వుతుంటే అది ఆమె వేళ్ళకు తగిలింది.

“ఏవిటే ఇది?”

“ఏం లేదక్కా. నాలుగేండ్ల సంది ఉన్నది. నొస్తలేదు.”

“నొప్పి లేకపోతే మాత్రం? రేపు సెలవు పెడతాను. ఆస్పత్రికి పోదాం.”

డాక్టరుగారు గడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టి కదిపి చూశారు. నోట్లో వేలు పెట్టి లోపలి వైపు తడిమారు. కళ్ళు గట్టిగా మూసుకోమన్నారు, పళ్ళు చూపించమన్నారు, ఈల వెయ్యమన్నారు. నాకు ఈల రాదు. పక్కనుంచి అక్క వేసి చూపించింది. డాక్టరుగారు కూడా నవ్వారు.

“మెల్లగా పెరిగింది, కదులుతోంది, మొహం వంకర పోలేదు. చెడ్డ గడ్డలా లేదమ్మా. ఉమ్మి ఊరే గ్రంథిలో వచ్చే గడ్డ. అయినా ఉంచుకోకూడదు. ఏళ్ళు గడిస్తే మారొచ్చు.”

“కొంచెం ముక్క తీసి చూస్తరా సార్?” అన్నాను.

“తియ్యం. చితికితే విత్తనాలు చల్లినట్టే, మళ్ళీ మొలుస్తాయి. చుట్టూ ఉన్న గ్రంథితో సహా మొత్తంగా తియ్యాలి. మొహాన్ని కదిలించే నరం అక్కడినుంచే పోతుంది. అదొక్కటే మా భయం.”

నాన్న ఊరినుంచి వచ్చి ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేశాడు. గడ్డ చెదరకుండా బయటికొచ్చింది. కేన్సర్ కాదని పరీక్షలో తేలింది. కానీ మత్తు దిగాక అక్కను చూసి నేను నవ్వబోతే ఆమె మొహం పాలిపోయింది. నా నోరు ఒక పక్కకే లాగింది. ఎడమ కన్ను మూతపడలేదు.

“నరం తెగలేదు, నలిగింది. కొన్ని నెలలు ఓపిక పట్టండి” అన్నారు డాక్టరుగారు.

చాయ్ తాగితే పెదవి చివరనుంచి కారేది. పడుకోబోయే ముందు అక్క నా కంట్లో మందు వేసి, రెప్ప కిందికి లాగి, పైన దూదిపట్టీ అతికించేది. పొద్దున అద్దం ముందు కూచోబెట్టి బుగ్గలు ఉబ్బించమనేది. తనూ ఉబ్బించేది. “మా పిల్లలు చూస్తే ఇంక నన్ను లెక్కచెయ్యరే” అని నవ్వేది.

ఆ ఏడే తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు బందయినయి. మావాళ్ళకు నౌకరీలు దొరకట్లేదన్నది నిజం. ఆ కోపం నాకూ ఉండేది. ఒకరోజు క్యాంపస్‌నుంచి బయల్దేరిన ఊరేగింపులో మొహానికి కొంగు కప్పుకొని నేనూ నడిచాను. ఆంధ్రోళ్ళు వాపస్ పోవాలని అందరితో కలిసి అరిచాను. గదికొచ్చి ఆ సంగతి చెప్పలేదు.

సాయంత్రం అక్క నా ఎర్రబడ్డ కన్ను చూసింది.

“ఊరేగింపుకి వెళ్ళావటగా. దుమ్ము పడిందా? ఇటు తిరుగు.”

కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగింది. దూదితో తుడిచి మందు వేసింది.

వారం తిరక్కుండా ఇంటాయన వచ్చి, “మాకు భయమైతున్నది టీచరమ్మా, గది ఖాళీ చెయ్యి, ఏమనుకోకు” అన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్ దాకా రిక్షాలో ఆమె వెంట వెళ్ళాను. పెట్టె నా ఒళ్ళో పెట్టుకున్నాను. బండి కదిలేటప్పుడు “మందు మానకు” అంది.

రెండు నెలలకు ఒక పొద్దున నా ఎడమ పెదవి చివర కదిలింది. ఆ తర్వాత కన్ను మూతపడింది. చూపించడానికి గదిలో ఎవరూ లేరు. వాళ్ళ ఊరికి ఉత్తరం రాశాను. చిరునామాదారు లేరని తిరిగొచ్చింది. మెట్టుగూడ బళ్ళో అడిగితే ఆమె ఊరు మారిందన్నారు కానీ ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు.

చాన్నాళ్ళకు విజయవాడ బస్టాండులో అచ్చం ఆమెలా నడిచే మనిషిని చూసి జనంలో పడి పరిగెత్తాను. ఆవిడ వెనక్కి తిరిగింది. వేరెవరో.

“ఎవరు కావాలమ్మా?” అంది. “మా అక్క” అన్నాను.