ఇంజిన్‌కు అచ్చు తీసిన అమ్మ

నా చిన్నప్పుడు మా అమ్మ ఏం చేస్తుందని బళ్ళో ఎవరైనా అడిగితే, నర్సు అని మాత్రం చెప్పి ఊరుకునేదాన్ని. పళ్ళ విభాగంలో అని చెప్పేదాన్ని కాదు. సూదులు వేసే నర్సంటే తోటి పిల్లలకు కాస్త భయమూ, కాస్త గౌరవమూ ఉండేవి. పళ్ళ నర్సంటే మాత్రం నోరు బార్లా తెరిచి చూపించి నవ్వేవాళ్ళు.

ఢిల్లీలో ఒక మిషన్ ఆసుపత్రి వెనక, స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన అమ్మ అక్కడి పళ్ళ డాక్టరుగారి దగ్గర కుదురుకుంది. కట్టుడు పళ్ళ కోసం అచ్చులు తీయడం ఆమె పని. వేడినీళ్ళలో మెత్తబరిచిన ఎర్రటి మైనం ముద్దను రోగి నోట్లో అదిమి, అది గట్టిపడేదాకా కబుర్లు చెబుతూ నిలబడేది. అచ్చు తీయడంలో ఆమె చేతికి తిరుగులేదని డాక్టరుగారే అనేవారు. నేనది విని కూడా పట్టించుకునేదాన్ని కాదు.

నెలకోసారి ఆసుపత్రి డీజిల్ వ్యానులో డాక్టరుగారూ, అమ్మా యమున దాటి పల్లెల్లో క్యాంపు పెట్టడానికి వెళ్ళేవారు. ఇప్పుడు గ్రేటర్ నోయిడా అంటున్నామే, అప్పుడక్కడ కనుచూపుమేరా గోధుమ చేలే. ఆ పల్లెల్లో ఒకదాంట్లో ఒక ముసలమ్మ పళ్ళు లేక రెండేళ్ళుగా రొట్టెను పాలలో నానబెట్టుకుని మింగుతోంది. నేను చెప్పబోయే వారంలోనే ఆమె మనవరాలి పెళ్ళి. పెళ్ళి భోజనం నలుగురితో కలిసి కూర్చుని తింటావని అమ్మ ఆమెకు మాటిచ్చింది. పళ్ళ సెట్టు తయారైంది. తెల్లవారితే క్యాంపు.

ఆ రోజు బడికి సెలవు. క్యాంపుకు కావలసిన సామాను కొనడానికి అమ్మ వ్యానులో కరోల్ బాగ్ వెళుతూ నన్నూ వెంటబెట్టుకుంది. వ్యాను నడిపేది ఏలూరు వైపు నుంచి వచ్చిన డ్రైవర్ అంకుల్. మైనం పలకలూ, నోట్లో చూసే చిన్న అద్దాలూ కొని తిరిగి బయల్దేరామో లేదో, వ్యాను తెల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. ముందుకు లాగడం లేదు. లోపలంతా డీజిల్ వాసన. అంకుల్ దాన్ని ఎలాగో వెనక వీధిలోని ఒక మెకానిక్ షెడ్డు దాకా నెట్టుకొచ్చాడు.

షెడ్డు యజమాని నెరిసిన గడ్డం ఉన్న పెద్దాయన. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. బానెట్ ఎత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి, చాలాసేపు తడిమి చూశాడు. డీజిల్‌ను ఇంజిన్‌లోకి కొట్టే పంపు మూడు నట్లతో బిగించి ఉంటుందట. మూడూ వదులై పంపు తన చోటు నుంచి జరిగిపోయింది. పైకి కనిపించే రెండూ బిగించడం నిమిషం పని. మూడోది పంపుకూ, ఇంజిన్‌కూ మధ్య సందులో ఉంది. దాని ముందు ఒక గొట్టం అడ్డం. తన దగ్గరున్న ఏ పానా అక్కడికి పోదని ఆయన తేల్చేశాడు.

"ఆగే కా సబ్ ఖోల్నా పడేగా. తీన్ దిన్."

ముందు భాగమంతా విప్పాలి, మూడు రోజులు. అంకుల్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "రేపటి క్యాంపు పోయినట్టేనండి, సిస్టర్ గారూ."

అమ్మ బానెట్ దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసింది. తర్వాత తన వచ్చీరాని హిందీలో ఉస్తాద్‌ను అడిగింది. "భయ్యా, వో నట్టు ఆప్‌కో దిఖ్తా హై?"

ఆయన నవ్వాడు. కనిపిస్తే ఇక బాధేముంది, ఇన్నేళ్ళుగా ఇలాంటివాటిని వేళ్ళతో తడిమి అంచనా వేసుకోవడమేనన్నాడు.

"వెనక దంతాలూ అంతేగా," అని అమ్మ తెలుగులో తనలో తను అనుకుంది. కొత్తగా కొన్న అద్దాల పొట్లం విప్పింది. పొడవాటి కాడ చివర రూపాయి బిళ్ళంత అద్దం. దాన్ని సందులోకి పోనిచ్చి, టార్చి వెలుతురులో నట్టును చూసింది, ఉస్తాద్‌కూ చూపించింది. ఆ సందుకు అచ్చు తీసిస్తే దానికి తగ్గట్టు పానా వంచుకోవచ్చంది. ఆపైన పక్కనున్న టీ బండివాణ్ణడిగి గ్లాసుడు వేడినీళ్ళు తెచ్చుకుని మైనం అందులో వేసింది.

తెల్ల చీర కొంగు నడుముకు దోపి, బానెట్ కింద సగం వరకు వంగిన అమ్మను చూడ్డానికి పక్క షెడ్ల వాళ్ళూ వచ్చేశారు. "అరే దేఖో, సిస్టర్ జీ ఇంజన్ కా దాంత్ నికాల్ రహీ హైఁ!" అని ఒకడు అరిచాడు. ఇంజిన్‌కు పన్ను పీకుతోందని అందరూ ఘొల్లున నవ్వారు. నేను వ్యానులో కూర్చుని, ఆమె ఎవరో నాకు తెలియనట్టు అవతలి వైపు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోయాను.

అచ్చు బయటికి వచ్చింది. వంకరగా, సాగిపోయి, ఏమీ కాని ముద్దలా ఉంది. నవ్వులు రెట్టింపయ్యాయి. ఒకడు నోరు తెరిచి, దవడ పట్టుకుని మూలుగుతున్నట్టు నటించాడు. బళ్ళో పిల్లలు చేసినట్టే. నేను తల బయట పెట్టి, వెళ్ళిపోదామని హిందీలో బతిమాలాను. "మమ్మీ, చలో న. సబ్ దేఖ్ రహే హైఁ."

"చూడనీ అమ్మడూ," అంది అమ్మ, చేతిలోని ముద్దను తిప్పి చూసుకుంటూ. "ఇంజిన్ ఇంకా వేడిగా ఉంది. మైనం గట్టిపడకముందే లాగేశాను. తప్పు నాదే. చల్లారాక మళ్ళీ తీస్తా."

ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోయినట్టూ లేదు. ఆసుపత్రిలో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. నవ్వేవాళ్ళు ఆమెకు అసలు కనిపించనే లేదు, చెడిన అచ్చే కనిపించింది. నాకు ఏమైందో చెప్పలేను. వ్యాను తలుపు తీసుకుని దిగి, వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

ఇంజిన్ చల్లారడానికి గంట పైనే పట్టింది. ఆ గంటా అమ్మ కదలకుండా ఒక పాత టైరు మీద కూర్చుంది. చూడవచ్చిన వాళ్ళలో సగం మంది విసిగి వెళ్ళిపోయారు. తర్వాత ఆమె సందులో కాస్త నూనె పూసి, మెత్తని మైనాన్ని వేళ్ళతో లోపలికి అదిమి పట్టుకుంది. పట్టుకుని, అలవాటు చొప్పున ఇంజిన్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. "కొంచెం ఓర్చుకో నాయనా. అయిపోయింది. ఇదిగో, అయిపోయింది." అంకుల్‌కూ, నాకూ తప్ప అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. మేమిద్దరం మొహాలు చూసుకుని నవ్వాం. అక్కడ చేరిన వాళ్ళలో ఎవడో మళ్ళీ ఏదో అనబోతే ఉస్తాద్ "చుప్!" అని కసిరాడు.

ఈసారి అమ్మ తొందరపడలేదు. గోరుతో నొక్కి చూసి, గట్టిపడిందని తేల్చుకున్నాక, అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా బయటికి లాగింది. ఎర్రటి మైనం మీద నట్టు పలకలు మూడు, వాటి ముందున్న గొట్టం వంపు, ఇంజిన్ గోడ వాలు, అన్నీ స్పష్టంగా దిగాయి.

ఉస్తాద్ చేతులు తుడుచుకుని దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు తిప్పి చూశాడు. ఒక పాత రింగు పానా ఏరి, సగానికి కోశాడు. దాన్ని మంటలో ఎర్రగా కాల్చి, మెడ దగ్గర వంచి, అచ్చు పక్కన పెట్టి చూసి, మళ్ళీ కాల్చాడు. గొట్టానికి తగలకుండా తల అంచును అరగదీసి పల్చన చేశాడు. నీళ్ళలో ముంచుతాడేమో అనుకున్నాను. ముంచితే పెళుసెక్కి విరుగుతుందంటూ ఇసుకలో వదిలేశాడు. దానికదే చల్లారాలట. చల్లారేదాకా ఆగడమే ఇద్దరి పనిలోనూ కష్టమైన భాగమని అమ్మ నా చెవిలో అంది.

పానా సందులోకి పోయింది. నట్టును పట్టుకుంది. పంపు సరైన చోట కూర్చునేలా దాని మీది గీతనూ, ఇంజిన్ మీది గీతనూ కలిపి, ఉస్తాద్ కొంచెం కొంచెంగా తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ పానా తీసి మళ్ళీ పెట్టాలి. ఎన్నిసార్లు పెట్టాడో నేను లెక్కించలేదు. చివరికి లేచి అంకుల్‌కు సైగ చేశాడు. ఇంజిన్ ఒకసారి దగ్గి, అందుకుంది. పొగ లేదు. పన్ను పీకుతోందని అరిచినవాడే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఉస్తాద్ అమ్మ ముందుకొచ్చి, ఆ అచ్చును తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు. "సిస్టర్ జీ, ముప్ఫై ఏళ్ళుగా గుడ్డివాడిలా చేస్తున్నానీ పని" అని హిందీలో ఆయనన్న మాట నాకు బాగా గుర్తుంది. అమ్మ అచ్చు ఇచ్చేసి, సంచిలోంచి అద్దం కూడా తీసి ఇచ్చింది.

మర్నాడు వ్యాను యమున దాటింది. ముసలమ్మ కొత్త పళ్ళతో మొదట కొరికింది పచ్చి ముల్లంగి అని అమ్మ వచ్చి చెప్పింది. ఆ తర్వాత ఏడాదికి అంకుల్ వేరే పని మీద ఆ షెడ్డుకు వెళితే, ఆ వీధిలో అందరూ ఆ పానాను 'సిస్టర్ వాలా పానా' అంటున్నారట. అలాంటి నట్టు ఎవరికి తగిలినా వచ్చి అడిగి పట్టుకెళుతున్నారట. ఆ సంగతి నేను మా క్లాసులో లేచి నిలబడి చెప్పాను. మా అమ్మ పళ్ళ నర్సు అన్న మాటతోనే మొదలుపెట్టి చెప్పాను.

అమ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నాకూ ఇప్పుడు సగం కట్టుడు పళ్ళే. అచ్చు తీయించుకున్నప్పుడు అక్కడి నర్సమ్మాయి చేతి నేర్పు గమనించి, మా అమ్మ గురించి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ రోజు గురించి నాకున్న బాధల్లా ఒకటే, నేను రెండో అచ్చుకు వ్యాను దిగాను, మొదటిదానికి దిగలేదు. అందుకే ఇప్పటికీ ఎక్కడైనా ఒక మనిషి తనకు తెలిసిన పని చేయబోతుంటే నలుగురూ నవ్వడం కనిపిస్తే, ఆ పని ఫలిస్తుందో లేదో చూద్దామని ఆగను. ముందు వెళ్ళి పక్కన నిలబడతాను.