టాపెక్కిన మేకలు

వానలు మొహం చాటేసి, వేరుశెనగ చేతికి రాకుండా పోయిన ఏళ్లలో మా ఆయన పాత అంబాసిడర్ ఒకటి కొని బాడిగకు తిప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో పొయ్యి వెలిగించింది మాత్రం మా పుట్టింటివాళ్లు ఇచ్చిన నాలుగు మేకలే. ఆ మాటంటే ఆయనకు కోపం. అందుకే తరచూ అనేదాన్ని.

ఒక వేసవిలో మా ఊళ్లో ఆకు నిలిచింది మా ఇంటి ముందున్న చింతచెట్టుకే. దాని కింద కారు పెట్టి, మేకలు అటు రావనుకోవడం మా ఆయనకే చెల్లింది. ఒకరోజు పొద్దున్నే అవి పలుపులు తెంపుకుని కారు టాపెక్కి, కొమ్మలందుకుని మేస్తున్నాయి. దించేసరికి టాపు నిండా సొట్టలు. మర్నాడే ఆ కారు ఒక పెళ్లికి వెళ్లాలి.

"దీంట్లో పెండ్లికొడుకును ఎట్ల కూకోబెట్టేది? రిపేరుకి దుడ్లు యాడుండాయి? సాయంత్రానికి బ్యారగాన్ని పిల్చుకొస్తా. మేకల్ని అమ్మేస్తా," అని మా ఆయన పావగడ బస్సెక్కాడు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కారులోకి దూరి టాపు లోపలి గుడ్డను అదిమి చూశాను. రేకు కాస్త కదిలింది. సొట్టపోయిన బిందెను లోపలినుంచి తోసి సరిచేసుకుంటాం, ఇదీ రేకే కదా అనిపించింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, వెనక సీట్లో వెల్లకిలా పడుకుని, పాదాలు రెండూ పైకి ఆనించాను.

మా అత్త బయట పీట ఎక్కి నిలబడింది. సొట్ట ఉన్నచోట ఆమె వేలి కణుపుతో కొడుతుంది, ఆ చప్పుడును బట్టి నేను పాదాలు జరుపుతాను.

"ఆడ కాదమ్మీ, రవ్వంత ఎడమకి. ఆఁ, ఇప్పుడు తొయ్యి!"

టంగుమని మొదటి సొట్ట లేచింది. ఇద్దరం ఒక్కసారే కేకేశాం. ఇక ఆగలేదు. అంచు దగ్గరిది మాత్రం మొండికేసింది. సంగటి గెలికే కట్టెకు గుడ్డ చుట్టి మెల్లగా నొక్కుతూ పోతే అదీ దారికొచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి నా నడుము పట్టేసింది, టాపు నున్నగా అయింది. గిట్టల గీతలు కొన్ని మిగిలాయి. వాటిని పెళ్లిపూలు కప్పుతాయిలే అనుకున్నాం.

సాయంత్రం మా ఆయన మేకల బేరగాణ్ని వెంటబెట్టుకుని బస్సు దిగాడు. టాపు చూసి, అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. మళ్లీ తడిమాడు. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

"మేకలు యాడప్పా?" అన్నాడు బేరగాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మేది లేదప్పా."

బేరగాడికి తిక్కరేగింది. "మరి నన్నెందుకు పిల్చుకొస్తివి? ఆఖరు బస్సూ పాయె. ఇప్పుడెట్ల పోవల్ల?"

"కారుండాది కదన్నా, కూకో," అన్నాను నేను. అతను ఎక్కి కూర్చున్నాక, కిటికీలోంచి చెయ్యి చాపి బాడిగ ముందే తీసుకున్నాను.