సిరిసిల్లలో మిగిలిన ఒక్క పాత బ్రౌజర్

నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకునే కంపెనీకి వెబ్‌సైట్ చూసుకోవడం నా ఉద్యోగం. మా సైటును ఎవరు ఏ బ్రౌజర్‌లో తెరుస్తున్నారో చూపే గుండ్రటి చార్టులో పాత బ్రౌజర్ వాటా సన్నటి గీతంత మిగిలింది. ఆ గీత కోసం ప్రతి పేజీనీ రెండు రకాలుగా రాయలేక నాకు విసుగెత్తిపోయింది. సోమవారం నుంచి దాన్ని ఆపేద్దామని మేనేజర్ అనగానే అందరికంటే ముందు తలూపింది నేనే. అయితే, ఆపే ముందు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లోని మా మూడు బ్రాంచీలకూ ఫోన్ చేసి మీరు వాడే బ్రౌజర్ ఏదని అడిగాం. మూడు చోట్ల నుంచీ ఒకటే జవాబు: "గూగుల్." గూగుల్ బ్రౌజర్ పేరే కాదు. ఇక లాభం లేదని స్వయంగా బయల్దేరాను.

హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో శుక్రవారం తెల్లవారకముందే బస్సెక్కితే, కరీంనగర్ మీదుగా పదిన్నరకల్లా జగిత్యాల. అక్కడ అన్నీ కొత్త కంప్యూటర్లే. తెప్పించిన టీ చల్లారేలోపే నా పని అయిపోయింది. కోరుట్లకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంట కూడా పట్టదు. అక్కడి క్లర్కు దగ్గర రెండు బ్రౌజర్లూ ఉన్నాయి కానీ వాడేది పాతదే. ఎందుకని అడిగాను. "గీ నీలం 'e' బొమ్మ ఒత్తితే నెట్ అస్తది మేడం. ఇంకోటి ఎందుకున్నదో నాకెర్కలేదు" అన్నాడు. ఆ నీలం బొమ్మ తీసేసి, కొత్తది అదే చోట పెట్టాను. కొత్త చెప్పులేసుకున్నవాడిలా కాసేపు ఇబ్బంది పడ్డాడు, తర్వాత అలవాటుపడిపోయాడు.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు బస్సులో వెళ్లాలంటే వేములవాడలో మారడం మేలు. నాకు ఎండలో ఓపిక లేక రెండు వేలకు కారు మాట్లాడుకున్నాను. కథలాపూర్ దాటాక డ్రైవర్ అంజయ్య మాట కదిపాడు.

"కంప్యూటర్లు బాగుచేస్తరా మేడం?"

"లేదు, పాతవి ఆపుతాను."

"బందు వెట్టెతందుకు గింత దూరం అచ్చిండ్రా!"

నాకూ నవ్వొచ్చింది. చిన్న పనే అనుకున్నాను అప్పటికింకా.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి చప్పుడు మా బ్రాంచి గది దాకా వినిపిస్తూనే ఉంటుంది. గదిలో ఒక తూకం యంత్రం, ఒక ముసలి కంప్యూటర్, దాని ముందు షాహీన్ బేగం అనే క్లర్కు. కౌంటర్ అవతల బట్ట తాన్లు మోసుకొచ్చిన ఆసాముల వరుస గుమ్మం దాటి వీధిలోకి పోయింది. ఆసాములంటే నాలుగైదు సాంచాలు పెట్టుకుని, మా నూలుతో బట్ట నేసిచ్చే చిన్న యజమానులు. బట్ట తానును తూకం మీద పెట్టగానే అంకె దానంతటదే పేజీలోకి వస్తుంది. అది ఎక్కితేనే తర్వాతి నూలు ఇస్తారు. ఆ అంకెను మోసుకొచ్చే చిన్న ప్రోగ్రామ్ పాత బ్రౌజర్‌లో తప్ప నడవదు. కొత్తది పెట్టి చూశాను. తూకం గడి ఖాళీగా ఉండిపోయింది.

"వీళ్లందరికీ వేరువేరు లాగిన్లు లేవా?" అని అడిగాను.

"ఒక్కటే మేడం, నాదే" అంది షాహీన్. "అందరి తాన్లు నేనే ఎక్కిస్త."

అప్పుడు నాకు సిగ్గేసింది. మా చార్టు కంప్యూటర్‌ను లెక్కపెట్టింది. దాని ముందు నిలబడ్డవాళ్లను లెక్కపెట్టలేదు. ఇంత వరుసా కలిపి మా లెక్కలో ఒక్క మనిషి.

సోమవారం నుంచి పాతది ఆపేస్తామని నేను షాహీన్‌తో చెప్పినప్పటి నుంచీ, వరుసలో ముందున్న రాజేశం మా మాటలు వింటూనే ఉన్నాడు. భుజం మీది తాను దించలేదు. "గవన్నీ నాకు సమజ్ గావు మేడం. సోమారం నూలు దొర్కుతదా, దొర్కదా? దొర్కకపోతే నా సాంచాలు ఆగుతయి."

"దొరుకుతుంది" అనేశాను. అలా అనడానికి నాకు అధికారమేమీ లేదు. బయటికొచ్చి మేనేజర్‌కు ఫోన్ చేశాను. "ఒక్క యూజరే కదా, కొత్తది నేర్పించేసెయ్" అన్నాడాయన. తూకం గడి సంగతి, వీధిలో వరుస సంగతి చెప్పాను. చాలాసేపు వాదించాక, సిరిసిల్లకు మాత్రం మూడు నెలలు పాత బ్రౌజర్ ఉంచడానికి ఒప్పుకున్నాడు. కొత్త బ్రౌజర్‌తో నడిచే తూకం యంత్రం కొంటారా అంటే చూద్దాం అన్నాడు.

గెలిచానన్న సంతోషంతో లోపలికెళ్లి ఆ మాటే చెప్పాను. రాజేశం తన తానును తూకం మీద దించి, నా మొహంలోకి చూశాడు.

"మూడు నెలలు సరే. అటెన్క?"

సాయంత్రం హైదరాబాద్ బస్సులో సీటు దొరికింది కానీ నిద్ర పట్టలేదు. పాతదాన్ని మోయడం నాకు చాకిరీ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. దించేస్తే ఎవరి నెత్తిన పడుతుందో ఇప్పుడు తెలుసు, ఎప్పుడు పడుతుందో కూడా తెలుసు. ఇలాంటి పని మీద మీరూ వెళ్తుంటే ఒకటే సలహా: బట్ట వచ్చే వేళకు వెళ్లండి. క్లర్కు పక్కన కుర్చీ వేస్తారు, కూర్చోకండి. కౌంటర్ అవతలికెళ్లి వరుసలో చివర నిలబడండి.