తలుపు పెట్టని దడి

అప్పలనర్సమ్మప్ప తన క్వార్టర్ ముందు దడి కట్టించి పూలమొక్కలు వేసుకుంటానని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆ వాకిట్లో ఇరవయ్యేళ్లుగా తనకోసం ఒక్క మొక్క నాటుకోని మనిషి ఆవిడ. తమ్ముళ్ల సైకిళ్లు, చెల్లెలి తొక్కుడుబిళ్ల గీతలు, ఆరేసిన బట్టలు, వేసవి వస్తే అడ్డదిడ్డంగా నాలుగు నులకమంచాలు. ఆ వాకిలంటే ఇంతే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్, వాళ్ల క్వార్టర్ పక్కపక్కనే. మధ్యలో నా గుండెలెత్తు గోడ. ఆ గోడ మీద మోచేతులు ఆనించి నేను చూడని సంగతేదీ ఆ ఇంట్లో జరగలేదు. నేను గోడ దగ్గరికి వెళితే మా ఆయన రమణబాబు "నీలవేణి డ్యూటీ ఎక్కింది" అనేవారు. అననివ్వండి. నేనా డ్యూటీ చెయ్యకపోతే ఈ కథలో పెళ్లి జరిగేది కాదు.

అప్పది మా శ్రీకాకుళం వైపే. వాళ్ల నాన్న ఇక్కడ రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేస్తూ చనిపోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. పెద్దపిల్ల కాబట్టి రైల్వే ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం అప్పకిచ్చారు, క్వార్టరూ ఆవిడ పేరనే రాశారు. అప్పటికి ఆవిడకి ఇరవై దాటాయో లేదో. ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. వాళ్లకి తల దువ్వింది, చదివించింది, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది, ఒక్కొక్కళ్లకీ పెళ్లి చేసి ఆ గుమ్మంలోంచి నవ్వుతూ సాగనంపింది. ఈలోగా తన పెళ్లి మాట ఎవరెత్తినా, ముందు వీళ్లని ఒడ్డున పడనీమనేది. వీళ్లందరూ ఒడ్డున పడేసరికి ఆవిడకి నలభై దాటాయి.

ఆఖరి తమ్ముడు ప్రతాప్ ఆ ఏడు, అంటే ఎనభై ఏడులో, పెళ్లి చేసుకుని భిలాయి వెళ్లిపోయాడు. వెళ్లిన వారానికి అప్ప పలుగు పట్టుకుని వాకిట్లో దిగింది. తవ్వితే మట్టి ఎక్కడిది? బొగ్గు మష్టు, ఇటుక ముక్కలు, ఓ మూల పేరుకి తగ్గట్టే సిగ్గులేకుండా పెరిగిన బేషరమ్ పొద. అవన్నీ ఎత్తిపోసి, రిక్షా మాట్లాడి అర్పా నది ఒడ్డున మట్టి తెప్పించింది. విజయనగరం నుంచి వచ్చేవాళ్ల చేత కనకాంబరం నారు, మల్లె అంటు తడిగుడ్డలో చుట్టి తెప్పించింది. ఎవరికోసమప్పా ఇన్ని పూలు అని గోడ మీంచి అడిగాను. "నాకే. పెట్టుకోకూడదేటి?" అంది.

దడి వెయ్యడానికి ఒక మనిషిని చూడమంది. మనిషి నాకు ముందే తెలుసు.

పైడిరాజు మా ఆయన పనిచేసే సిక్ లైన్‌లో పెయింటరు. సిక్ లైనంటే దెబ్బతిన్న వ్యాగన్లను లాక్కొచ్చి బాగుచేసే చోటు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఆదివారాలు మా ఇంట్లో భోంచేసేవాడు. మాట తక్కువ, తినడం మెల్లగా, తిన్న కంచం తనే కడిగేవాడు. మనవాళ్లే, మన వైపు వాళ్లే. ఇంకేం కావాలి? ఆ నిమిషంలోనే నా మనసులో వాళ్లిద్దరికీ పెళ్లి చేసేశాను. మిగిలింది వాళ్లకి చెప్పడమే.

అదే పెద్ద పనయింది.

మొదటి ఆదివారం పైడిరాజు వచ్చి వాకిలంతా చూశాడు, మట్టి చూశాడు, మొక్కలు చూశాడు, అప్పని తప్ప. టింబర్ డిపో నుంచి గట్టి సాలచెట్టు చెక్కలు తెచ్చాడు. చెదలు పట్టకుండా అడుగు కొసలన్నీ తారులో ముంచాడు. దడికి ఆకుపచ్చ రంగు బాగుంటుందని నేను సలహా ఇస్తే, ఒప్పుకోలేదు. ఆ రోజు అతను మాట్లాడిన పెద్దమాట అదే.

"రంగేస్తే సెక్క కనబడదమ్మా. వారమల్లా ఆ వేగన్లకి ఎర్రరంగే పూస్తన్నాను. ఒక్క సెక్కన్నా దాని ముకంతో దాన్ని కనబడనిద్దాం."

అవిసె నూనె గోరువెచ్చగా కాచి, అందులో గేరు అనే ఎర్రమట్టి పొడి కలిపి, పాత పంచె ముక్కతో చెక్కకి రుద్దేవాడు. రుద్దినకొద్దీ చెక్కలోని గీతలు పైకి తేలి, ముదురు పాకం రంగు వచ్చేది. ఆ నూనె వాసన మా వంటింట్లోకీ వచ్చేది. ఒక పూత అయ్యాక ఆరాలన్నాడు. సరే, ఆదివారం తప్ప అతనికి తీరిక లేదు. రెండో ఆదివారం రెండో పూత అన్నాడు. మూడో ఆదివారం మూడోది. వ్యాగన్లకి కూడా అన్ని పూతలు వెయ్యరని మా ఆయన నాకు రహస్యంగా చెప్పారు.

అప్ప మొదటి వారం టీ గ్లాసు గోడమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. రెండో వారం గుమ్మంలో నిలబడింది. మూడో వారం మెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకున్నారు కూడా. ఏం మాట్లాడుకున్నారో చెవులు రిక్కించి విన్నాను. చెదల గురించి, పేడ ఎరువు గురించి, మల్లెకి ఎంత ఎండ కావాలన్నదాని గురించి. నాకు ఒళ్లు మండిపోయింది. నలభై దాటిన వాళ్లు ఇంత నెమ్మదిగా నడిస్తే గమ్యం చేరేదెప్పటికి?

ఇక ఆగలేక అప్పని సూటిగా అడిగేశాను. ఆవిడ చేతిలోని చేట కింద పెట్టింది.

"ఇప్పుడేటే నీలవేణీ? పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు సేసిన మనిసిని. అప్ప పెళ్లికూతురయ్యిందంటే నా తమ్ముళ్లు నలుగుర్లో తలెత్తుకోగలరేటి?" అంది. తర్వాత, అన్నం మాడుతోందని లోపలికి పోయింది. ఆవిడ అన్నం ఏనాడూ మాడలేదు.

అటు పైడిరాజుని కదపమని మా ఆయన్ని పంపాను. అతను చెప్పింది విన్నాక నాకు కోపం కూడా రాలేదు. ఆవిడ ఇన్నాళ్లూ ఇంటెడు మందికి వండి పెట్టింది, ఇప్పటికి కాస్త కూర్చుంది, తను వెళ్లి మళ్లీ ఓ కంచం ఎక్కువ పెట్టమనడం ఏం న్యాయం అన్నాడట. ఒకరి సుఖం ఒకరికి ఇంత ముఖ్యమైతే, ఆ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండక ఎక్కడుండాలి? ఈ మాట మా ఆయనతో గట్టిగా అన్నాను. ఆయన తలూపారు, ఆయనకి చేతనయింది అదే.

అంతలో పైడిరాజుకి ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. షాడోల్‌కి బదిలీ. సోమవారంలోగా జవాబివ్వాలి. ఒప్పుకుంటే వెంటనే వెళ్లాలి. వద్దని రాసిచ్చే వీలుంది గానీ, సొంత ఇల్లో పిల్లల చదువో అడ్డుంటే తప్ప రైల్వేలో ఎవరూ ప్రమోషన్ కాదనరు. పైడిరాజుకి ఈ ఊళ్లో అడ్డేముంది? ఒక అద్దె గది, ఓ కిరసనాయిలు పొయ్యి. అతను చెప్పడని నాకు తెలుసు కాబట్టి ఆ కబురు నేనే అప్ప చెవిన వేశాను.

"అచ్ఛా," అంది. అంతే. అప్పుడే నీళ్లు పోసిన మొక్కలకి మళ్లీ నీళ్లు పోసింది.

ఆఖరి ఆదివారం వచ్చింది. దడి పూర్తయిపోయింది, తలుపు తప్ప. తలుపుకని మంచి చెక్కలు ఏరి పక్కన పెట్టి, ఆ సందు వదిలేశాడు. మొదట్లో ఆ సందులో బేషరమ్ కొమ్మలు గుచ్చి పెట్టారు. వారం తిరిగేసరికి అవి చిగుళ్లేశాయి. ఎక్కడ గుచ్చితే అక్కడ బతికే ఆ మొక్కకున్న తెగువలో పావువంతు ఈ మనుషులకుంటే బాగుండేదని రోజూ అనుకునేదాన్ని.

ఆ కొమ్మల సందులోంచి ధోబీ వాళ్ల మేక ఒకసారి దూరి మల్లె అంటు మేసేసింది. ఆ రోజు మళ్లీ దూరింది. అప్ప, పైడిరాజు మెట్టు దగ్గర నిలబడి ఉన్నారు. అతను షాడోల్ మాట మొదలుపెట్టాడు. రేపు జవాబు ఇచ్చీయాలి, తలుపు ఒక్కటే మిగిలిపోయింది, ఇంకెవరిచేతైనా పెట్టించుకోండి అంటున్నాడు. అప్ప నేల చూస్తోంది. ఇద్దరికీ మేక కనబడలేదు. నాకు కనబడింది, కానీ అరిస్తే ఆ మాట తెగిపోతుందని నోరు మూసుకున్నాను. కనకాంబరాలు అప్పుడే మొదటిసారి మొగ్గ తొడిగి ఉన్నాయి. సగం వరస మేక నోట్లోకి పోయాక అప్ప చూసి "అయ్యో నా పూలు" అంది.

పైడిరాజుకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు వచ్చింది. మేకని చెవి పట్టి బయటికి గెంటాడు. బేషరమ్ కొమ్మలు పీకి పారేశాడు. తలుపుకని దాచిన చెక్కలు తెచ్చి ఆ సందుకి అడ్డంగా పెట్టి, టకటకా మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఎవరిమీద కోపమో ఆ మేకుల మీద తీర్చుకున్నాడు. చీమ దూరే సందు కూడా లేకుండా మూసేసి, చెమట తుడుచుకుని, సుత్తి సంచిలో వేసి వెళ్లబోయాడు.

వెళ్లడానికి దారేదీ? లోపలి వైపు నిలబడి మేకులు కొట్టుకున్నాడు మహానుభావుడు.

దడి వంక చూశాడు. అప్ప వంక చూశాడు. నాకు నవ్వు పొంగుకొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఇప్పుడు నానెలగెల్లాల?" అన్నాడు.

"పెరటి తలుపున్నాది," అంది అప్ప.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ మాటకి వచ్చినంత కోపం అప్ప మీద నాకు ఎప్పుడూ రాలేదు. చేతికి అందితే చెంబు విసిరేదాన్ని. పైడిరాజు తలూపి, సంచి భుజానికి తగిలించుకుని మెట్టెక్కాడు. అప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉంది. పక్కకి తప్పుకోలేదు.

"పెరటి తలుపుకి తాళం ఉన్నాది. తియ్యమంటే తీస్తాను," అంది. "గాని ఈ ఇంట్లోంచి అందర్నీ నానే సాగనంపినాను. నవ్వుతానే పంపినాను. ఇంకొకర్ని పంపలేను."

పైడిరాజు సంచి దించి మెట్టు మీద పెట్టాడు.

"మరైతే తియ్యకండి," అన్నాడు.

నేను ఏడ్చేశాను. సిగ్గులేకుండా, గోడ మీద తల పెట్టి ఏడ్చాను. ఏమైందోనని మా ఆయన పరుగెత్తుకొచ్చారు. నేను వేలితో చూపించాను. ఆయన చూసి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా లోపలికి తీసుకెళ్లిపోయారు. డ్యూటీ దిగమన్నారు. ఆ ఒక్కసారీ దిగాను.

సోమవారం పైడిరాజు ప్రమోషన్ వద్దని రాసిచ్చాడు. మధ్యాహ్నానికి సిక్ లైనంతా తెలిసిపోయింది. అడ్డేమిటని పెద్ద ఫోర్‌మన్ అడిగితే, ఇంటికి తలుపు పెట్టాలి అన్నాడట. ఆ మాటని వాళ్లు ఏడాదిపాటు జోకుగా వాడుకున్నారు.

అప్ప భయమంతా తమ్ముళ్ల గురించే. మా ఆయన స్టేషన్ ఫోన్ నుంచి భిలాయిలో ప్రతాప్‌కి విషయం చెప్పారు. అతను మొదట ఆ మనిషి తాగుతాడా అని అడిగాడు. తాగడు అన్నారు. అప్పని కసురుకుంటాడా అని అడిగాడు. మేకని తప్ప ఎవర్నీ కసరలేదు అన్నారు. మేమందరం వస్తున్నాం, ఈ మాట అప్పతో ఇన్నాళ్లూ మేమే అని ఉండాల్సింది అంటూ ఫోన్‌లో ఏడ్చాడట. ఆ సంగతి చెబితే అప్ప కూడా ఏడ్చింది, తర్వాత వెంటనే ఎవరెవరికి ఏ పిండివంట ఇష్టమో లెక్కవెయ్యడం మొదలుపెట్టింది. నేను కసిరి కూర్చోబెట్టాను.

పెళ్లి మాఘమాసంలో, ఆ వాకిట్లోనే. మేక మేసిన కనకాంబరాలు అప్పటికి రెట్టింపు గుబురుగా పెరిగి, దడి పొడవునా పూశాయి. నూనె పట్టిన చెక్కల ముందు ఆ పూలు ఎంత బాగున్నాయంటే, అర్పా అవతల సర్కండా నుంచి వచ్చిన చుట్టాలు కూడా ముందు దడిని చూసి తర్వాత పెళ్లికూతురిని చూశారు. ఒక్కటే లోటు. ముందు వైపు ఇంకా మూసేసే ఉంది. రెండు నెలలుగా అందరం పెరటి దారినే తిరిగాం, ఎందుకంటే పైడిరాజు తలుపుకి కొత్తగా చెక్కలు తెచ్చి మూడు పూతలూ వేస్తున్నాడు మరి. తీరా పెళ్లిరోజు పొద్దున, పసుపు రాసిన చేతులతో సుత్తి పట్టుకుని ఆ మేకులు పీకుతూ కూర్చున్నాడు. పెళ్లికొడుకు చేసే పనేనా ఇది అని నేను తిట్టిన తిట్లు కాలనీ అంతా విన్నది.

సరిగ్గా అప్పుడే స్టేషన్ నుంచి రిక్షాలు వచ్చి ఆగాయి. తమ్ముళ్లు, మరదళ్లు, చెల్లెలు, మరిది, పిల్లలు, బుట్టలు, పెట్టెలు. ప్రతాప్ దడి దగ్గరికొచ్చి అటూ ఇటూ వెతికాడు.

"దర్వాజా ఎక్కడప్పా?" అన్నాడు.

అప్ప లోపల్నుంచి గుమ్మంలోకి వచ్చింది. కొత్త చీర, జడ నిండా తన వాకిట్లో పూసిన కనకాంబరాలు. ఇరవయ్యేళ్లలో ఆవిడ తలలో అన్ని పూలు నేనెన్నడూ చూడలేదు. తమ్ముళ్లూ చూడలేదు. అప్ప ముందు మేకులు పీకుతున్న మనిషిని చూసింది, తర్వాత దడి అవతల నిలబడ్డ తన పిల్లలందరినీ చూసి నవ్వింది.

"పెడతన్నారు," అంది. "మీకోసం నాను ఇన్నేళ్లాగినాను. నాకోసం మీరు ఓ గడియ ఆగలేరేటి?"

అందరూ పెట్టెలు కింద పెట్టి, దడి బయటే నిలబడి ఆగారు.