ఇప్పచెట్టు కిందికి ప్రమీల

ఇప్పపువ్వు ఏరడంలో ప్రమీలను మించినవాళ్లు ఆ గూడెంలో లేరు. భద్రాచలం అడవి అంచున ఇరవై గడపల కోయగూడెం అది. వేల్పుకు తొలిపువ్వు పెట్టాక ఆడవాళ్లంతా తెల్లవారుతుండగానే బుట్టలతో బయలుదేరేవాళ్లు. తల్లి ఎర్రమ్మ ఒక బుట్ట నింపేలోపు ప్రమీల రెండోది మొదలుపెట్టేది. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేది కూడా. గొప్పలకు తక్కువేం లేదు పిల్లకి.

రెండువేల ఆరు చలికాలంలో, పదో తరగతి చదువుతుండగా, హాస్టల్లో చెంబుల కొద్దీ నీళ్లు తాగి, పుల్లలా చిక్కి, ఒకరోజు తెలివితప్పి పడిపోయింది. తండ్రి పగిడయ్య ఖమ్మం తీసుకుపోయాడు. షుగర్ అన్నారు. బతికినన్నాళ్లూ రోజుకు రెండుపూటలా ఇన్సులిన్ సూది వేసుకోవాలన్నారు. పదహారేళ్ల పిల్లకు షుగరేమిటని గూడెమంతా నోరు వెళ్లబెట్టింది.

ఎర్రమ్మకు బిడ్డంటే ప్రాణం. ఆ ప్రేమతోనే పిల్ల ప్రాణం తోడేసింది. మందు సీసా చెడకుండా తడి ఇసుకలో కుండ పెట్టి అందులో దాచింది. అంతవరకు బాగానే ఉంది. ఇంట్లో చక్కెర, బెల్లం లేకుండా చేసింది. మళ్లీ పడిపోతుందని బడి మాన్పించింది. పువ్వు రాలే కాలం రాగానే, తీపిది కాబట్టి ముట్టుకోవద్దంది. ప్రమీల ఏరే చెట్టును చిన్నమ్మ కూతురికి అప్పగించింది.

అందరూ అడవికి పోతే ప్రమీల వాకిట్లో కూర్చునేది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు "ఏంది ప్రమీలా, సూది ఏస్కున్నవా?" అనేవాళ్లు. ఇంకో మాట అడిగిన పాపాన పోలేదు. వినీ వినీ ఆమెకు ఒళ్లు మండేది. మెల్లగా నవ్వు పోయింది, మాట పోయింది. సాయంత్రం సూది ఎగ్గొట్టి, వేసుకున్నానని తల్లికి అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది.

నర్సు పుష్పలత వారానికోసారి గూడేనికి వచ్చేది. ఆ వారం సీసాను వెలుతురుకెత్తి చూసింది. తరగాల్సినంత మందు తరగలేదు. కేకలేస్తుందని ప్రమీల తల దించుకుంది. పుష్పలత చెప్పులు విడిచి పక్కనే కూర్చుంది.

"సూది సంగతి తర్వాత చూద్దాం. నీ మనసెట్లుంది, చెల్లే?"

ప్రమీల భోరుమంది. "ఇంట్ల అందరికి నా జబ్బే కనబడ్తంది అక్కా, నేను కనబడ్తలేను. నా చెట్టు గూడ ఇచ్చేసిండ్రు. ఇంక ఎందుకు బతుకుడు?"

లోపల చెరుగుతున్న ఎర్రమ్మ చేతిలో చాట ఆగిపోయింది. బయటికి వచ్చి నిలబడింది.

"పువ్వు ముట్టుకుంటే షుగర్ పెరగదు ఎర్రమ్మా," అంది పుష్పలత. "ఇంకోటి. ఈ పిల్ల దగ్గర ఎప్పుడూ ఇంత చక్కెర ఉండాలె. సూది ఏస్కున్నంక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు పడ్తయ్, ఒళ్లు వణుకుతది. అప్పుడు జల్దీ నోట్లేస్కోవాలె. ఖమ్మంల చెప్పలేదా?"

ఎర్రమ్మ వెనకే బయటికి వచ్చిన పగిడయ్య మెడ గోక్కున్నాడు. "చెప్పిండ్రు. షుగరున్న పిల్లకు చక్కెర పెట్టుమంటే, పని తొందర్ల డాక్టరు గట్లన్నడనుకున్న. ఇంట్ల చెప్తే నవ్వుతరని ఊకున్న."

ఎర్రమ్మ నవ్వలేదు. ఆమె చూసిన చూపుకి పగిడయ్య రెండు రోజులు ఇంట్లో గట్టిగా దగ్గలేదు.

సూది ఎగ్గొడితే ప్రాణం మీదికొస్తుందని పుష్పలత ప్రమీలకు నెమ్మదిగా చెప్పింది. "దిగులు కమ్మిన రోజు కబురు పెట్టు. మనసు బాధ వినే డాక్టరమ్మ భద్రాచలంల ఉంది. నేనే తీస్కపోత."

దిగులు ఒక్కపూటలో పోయేది కాదు. డాక్టరమ్మ దగ్గరికి మూడుసార్లు పోవాల్సి వచ్చింది. పదో తరగతి మరుసటేడు రాసింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మర్నాడు చీకటి విడుతుండగా ఎర్రమ్మ కూతుర్ని లేపింది. "లే బిడ్డా, పువ్వు రాలింది. నీ చెట్టు నీదే."

ప్రమీల సూది వేసుకుని, జావ తాగి, బుట్ట అందుకుంది. గడప దగ్గర తల్లి ఆపింది. పక్కింట్లో అడిగి తెచ్చిన చక్కెరను బిడ్డ చున్నీ కొసకు ముడివేసింది. ముడి ఊడుతుందేమోనని రెండుసార్లు లాగి చూసింది.

పొద్దు పొడిచేసరికి చెట్టు కింద నుంచి ప్రమీల గొంతు వినిపించింది.

"అమ్మా, నీది ఇంకా సగమే. నాది నిండింది."

ఎర్రమ్మ తలెత్తలేదు. వంగి ఏరుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకుంది.